చివరి దీవిలో చప్పుడు

ఆ సరస్సు మీద కయాక్‌లు అద్దెకిచ్చే మనిషిని ఊరంతా తెడ్డక్క అనే పిలుస్తుంది. ముప్పై ఏడేళ్లుంటాయి. భుజాలు చూస్తే మగవాళ్లే పక్కకు తప్పుకుంటారు, నోరు ఆ భుజాల కంటే గట్టిది. వారానికి రెండు రోజులు షెడ్డు ముందు ‘శిథిలాల యాత్ర’ అని బోర్డు పెట్టి, పదిమందికి లైఫ్ జాకెట్లు బిగించి, కయాక్‌లలో ఎక్కించి దీవుల మధ్యకు తీసుకుపోతుంది. సగం మందికి తెడ్డు ఎటు తిప్పాలో తెలియదు. వాళ్లను తిడుతూ, నవ్విస్తూ, బోల్తా పడ్డవాళ్లను మెడ పట్టుకుని పైకి లాగుతూ సాయంత్రానికల్లా లెక్క తప్పకుండా ఒడ్డున దించుతుంది.

ఆ దీవుల్లో ఒకప్పుడు ఇళ్లుండేవి. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఆనకట్ట ఎత్తు పెంచి, సరస్సులో నీళ్లు పెంచాలనుకున్నప్పుడు అక్కడి జనాన్ని ఖాళీ చేయించారు. నీళ్లు దీవుల్ని సగానికి పైగా మింగేశాయి. పైన మిగిలిన మొండి గోడలు, మెట్లు, ఇల్లు లేని పొగగొట్టాలు ఇప్పుడు తెడ్డక్కకు కూడు పెడుతున్నాయి.

ఖాళీ చేయించినవాడు ఆమె నాన్నే. సరస్సు ఆఫీసులో ఉద్యోగం. పని చాలా తేలిక, కాగితం మీద. పడవలో ప్రతి ఇంటి ముందుకీ వెళ్లాలి. ఇంటి నంబరు చెప్పి మూడుసార్లు కేకెయ్యాలి. ఎవరైనా పలికితే సామానుతో సహా పడవెక్కించాలి. పలక్కపోతే తలుపు మీద సున్నంతో అడ్డగీత గీసి, తిరిగి ఎవరూ దూరకుండా ఒక చెక్కను తలుపుకు అడ్డంగా మేకులతో కొట్టి, పుస్తకంలో ‘ఖాళీ’ అని రాసి సంతకం పెట్టాలి. ఆయన కేక నాలుగు దీవుల అవతలికి వినిపించేదట. అప్పటినుంచి ఆయన్ని మూడు కేకలాయన అనేవాళ్లు.

అప్పట్లో ప్రతి తలుపుకీ అంటించిన నోటీసు ఒకటి తెడ్డక్క షెడ్డులో అద్దం కట్టించి పెట్టుకుంది. కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: ‘ఎవరైనా మిగిలిపోయినచో చెక్కను గానీ పళ్లెమును గానీ మూడు పర్యాయములు మ్రోగించవలెను. పడవ వచ్చును.’ యాత్రకొచ్చినవాళ్లు ఆ నోటీసు పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు.

యాత్రలో ఒక్క దీవికి మాత్రం ఆమె ఎవర్నీ తీసుకెళ్లేది కాదు. అన్నిటికంటే అవతల ఉన్న చివరి దీవి. చిన్నప్పుడే నాన్న తల మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించాడు. నీళ్ల కింద రాళ్లున్నాయి, అటు పోకూడదు. సరే, పోకపోయినా కథ చెప్పడానికి ఏం పోయింది? దూరం నుంచే తెడ్డు చాచి చూపించేది. “అదిగో, అది వడ్రంగి దయ్యం దీవి. నీళ్లు పెంచిన ఏడాది చలికాలమంతా అక్కడినుంచి చెక్క కొట్టిన చప్పుడు వచ్చేది. టక్, టక్, టక్. కాసేపాగి మళ్లీ టక్, టక్, టక్. మునిగిపోయిన ఇంటికి తలుపు చేసుకుంటున్నాడన్న మాట. నేను చెవులారా విన్నాను, మీ మీద ఒట్టు.”

ఒట్టులో అబద్ధం లేదు. అప్పుడామెకు ఆరేళ్లు. ఆఫీసు క్వార్టర్స్‌లో కిటికీ పక్కన మంచం. మూడు దెబ్బలు వినిపించగానే తనూ కిటికీ చెక్క మీద వేలి కణుపులతో మూడు కొట్టేది. ఆ ఆట భలే ఉండేది. అమ్మకు భయమేసి అడిగితే నాన్న కొట్టిపారేశాడు. “నేను కొట్టిన అడ్డచెక్కే. మేకు ఊడి గాలికి కొట్టుకుంటోంది.” క్వార్టర్స్‌లో అందరూ అదే నమ్మారు. ఆయన కొట్టిన చెక్క సంగతి ఆయనకు కాక ఎవరికి తెలుస్తుంది? సరస్సు మీద అప్పట్లో చేపల పడవల్ని కూడా తిరగనిచ్చేవారు కాదు. ఉన్నదొక్కటే పడవ, ఆఫీసుది. చలి తగ్గేసరికి చప్పుడూ ఆగింది.

నాన్నకు ఇప్పుడు డెబ్బై ఆరు. రెండేళ్ల కిందట చెవులు పూర్తిగా పోయాయి. మెడలో తాడు కట్టిన నోటుపుస్తకం, పెన్సిలు వేలాడుతుంటాయి. మనం రాయాలి, ఆయన చదివి నోటితో జవాబు చెబుతాడు. వెనక నుంచి పిలవాలంటే చెక్క నేల మీద మడమతో రెండుసార్లు తొక్కాలి. ఆ అదురు పాదాలకు తగిలి తిరిగి చూస్తాడు. రెండే సార్లు. ఒకసారి తెడ్డక్క పరాకున మూడుసార్లు తొక్కితే, చేతిలో గ్లాసు వదిలేసి గోడ పట్టుకుని నిలబడిపోయాడు. “మూడు వద్దమ్మా. రెండు చాలు,” అన్నాడు. ముసలాళ్ల చాదస్తంలే అనుకుని ఊరుకుంది.

ఇంకొకటి కూడా మొదలైంది. ఎవరూ తొక్కకుండానే, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఉన్నట్టుండి తలెత్తి “వస్తున్నా” అనేవాడు. అన్నం తింటూ ఒకసారి. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఒకసారి. “వస్తున్నా, వస్తున్నా.” చెవులు పోయినవాళ్లకు లేని చప్పుళ్లు వినిపిస్తాయని డాక్టరు చెప్పాడు. తెడ్డక్క ఆ మాటతో సమాధానపడింది గానీ, ఆయన అలా అన్నప్పుడల్లా చేతిలో పని ఆపి ఆయన వైపు చూసేది.

ఈ ఏడు ఆనకట్ట గేట్లు బాగుచేయాలని నీళ్లు వదిలేశారు. సరస్సు రోజుకింత చొప్పున కుంగిపోయింది. ఒడ్డు వెంబడి బురద, బురదలో ఎప్పటివో చెప్పులు, కుండలు, ఇనుప మంచం. ఒక మధ్యాహ్నం నాన్న కిటికీ దగ్గర కుర్చీలోంచి లేవకుండా వేలు చూపించాడు. చివరి దీవి అంచున, నీళ్లలోంచి ఒక ఇంటి గోడలు లేచి నిలబడ్డాయి.

“పదిహేడో నంబరు,” అన్నాడు. “ఆఖరిల్లు అదే. నువ్వొకసారి వెళ్లి చూసిరా.”

తెడ్డక్క నోటుపుస్తకం అందుకుని రాసింది: ‘అటు పోవద్దని ఒట్టేయించుకుంది నువ్వేగా?’

“ఒట్టు తీసేస్తున్నా. రేపోమాపో ఎవడో ఒకడు పోతాడు. వాడికంటే ముందు నువ్వు చూడాలి.” కిటికీలోంచి ఆ గోడల వైపే చూస్తూ అన్నాడు. “ఆ ఇంట్లో వలలు అల్లే ఆవిడ ఒక్కతే ఉండేది. వాళ్లక్క దగ్గరికి వెళ్లిపోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. మూడు కేకలూ వేశాను. పలకలేదు. ఖాళీ అని రాశాను.”

‘మరింకేంటి?’

“దారిలో ఎదురైనా ఆవిడ పలకరించేది కాదమ్మా. బాగున్నావా అంటే తల తిప్పేది కాదు. పొగరనుకునేవాడిని.” ఆయన తన చెవిని వేలితో తాకాడు. “ఇప్పుడు వీధిలో నన్నూ అలాగే అనుకుంటున్నారు. చెవులు పోయాకే బుద్ధికి తట్టింది. పలకనంత మాత్రాన మనిషి లేనట్టు కాదు కదా.”

తెడ్డక్క పెన్సిలు కింద పెట్టింది. మూడు కేకలాయన కూతురని చెప్పుకుని ఆమె ఇన్నాళ్లూ గర్వపడింది. ఒక్క ప్రాణం పోకుండా పదిహేడిళ్లు ఖాళీ చేయించిన మనిషని ప్రతి యాత్రలో పదిమందికి చెప్పేది. ఇప్పుడా లెక్క పదహారేనేమో చూసి రమ్మంటున్నాడు ఆయన.

మర్నాడు పొద్దున్నే కయాక్ దించుతుంటే చిన్నమామయ్య వచ్చాడు. అమ్మకు తమ్ముడు. అమ్మ పోయినప్పటినుంచి షెడ్డులోనే ఉంటూ పగిలిన కయాక్‌లకు అతుకులు వేస్తుంటాడు.

“వడ్రంగి దయ్యం దగ్గరికేనా? కనిపిస్తే మన షెడ్డు తలుపు కూడా సరిచేసి పెట్టమను, ఈడ్చలేక చస్తున్నా,” అన్నాడు. ఆమె నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. “వెళ్లాల్సిందేనా అమ్మాయ్? ముప్పై ఏళ్ల నాటి సంగతి. తవ్వుకుని ఏం చేస్తావు?”

“నాన్నకు నిద్ర పట్టట్లేదు మామయ్యా.”

“నీకు పడుతోందిగా. అదైనా మిగుల్చుకో.”

ఆమె కయాక్‌ను నీళ్లలోకి తోసింది.

గంటన్నర పట్టింది. గాలి లేదు. తెడ్డు నుంచి జారే చుక్కల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నీళ్లు లోతు తగ్గిన చోట కింద పాత దారి కనిపించింది, రాళ్లు పరిచిన దారి, ఇంటికి వెళ్లే మనుషుల కోసం వేసింది. కయాక్ దాని మీదుగానే తేలుతూ పోయింది. నీళ్ల కింద నాన్న చెప్పిన రాళ్లు ఎక్కడా లేవు. చుట్టూ తిరిగి వెతికినా ఒక్కటి తగల్లేదు. అప్పుడే ఆమెకు మొదటిసారి కోపం వచ్చింది.

పదిహేడో నంబరు ఇంటికి పైకప్పు లేదు. గోడలకు నాచు ఎండి పొలుసుల్లా వేలాడుతోంది. నడుం లోతు బురదలో తలుపు నిలబడి ఉంది, సగం తెరిచి. తలుపు మీద సున్నపు గీత ఎప్పుడో కరిగిపోయింది. అడ్డచెక్క లేదు. లోపల బురద, ఒక ఇనుప పొయ్యి, గోడకు వలలు తగిలించే కొంకీలు వరసగా. మనిషి ఆనవాలు లేదు. తెడ్డక్క గుమ్మంలోనే నిలబడి, ఎందుకో తనకే తెలియకుండా, నాన్న లాగా కేకేసింది. “పదిహేడో నంబరూ!” గోడలు ఆ మాటనే తిప్పి పంపాయి. ఆమె రెండో కేక వెయ్యలేదు.

తలుపు తెరిచి ఉంది, ఇల్లు ఖాళీగా ఉంది, చాలు. హాయిగా ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగింది. అప్పుడు కనిపించాయి మెట్లు. దీవి మీదికి, నీళ్లెప్పుడూ అందని మిట్ట వైపు, ఒక మనిషి ఒంటి చేత్తో పేర్చినట్టు చిన్న చిన్న రాళ్లతో మెట్లు. నాన్న చెప్పిన దీవుల కథలో ఇవి లేవు. ఇల్లు వదిలిపోయే మనిషి కొండ మీదికి మెట్లు కట్టుకోదు.

పైన రాతి చూరు ఒకటి ముందుకు వంగి ఉంది. దాని కింద రాళ్లు పేర్చి గోడ కట్టారు. లోపల పొయ్యి రాళ్లు, నల్లటి మసి, చేప ముళ్ల కుప్ప, సత్తు గిన్నె. గోడలో రాయి కింద నోటీసు ముక్క, నాలుగు మడతలు పెట్టి దాచినది. కాగితం పొడి అయిపోయింది గానీ కింది చిన్న అక్షరాలు ఒకటి రెండు మిగిలాయి. లోపలి మూలన పెద్ద వల ఒకటి పరిచి ఉంది. వల కింద ఏదో ఎత్తుగా ఉంది. తెడ్డక్క దాన్ని ఎత్తి చూడలేదు. చూడాల్సిన పని లేకుండానే ఆమెకు తెలిసిపోయింది.

చూరు ముందు భాగాన, నైలాన్ తాళ్లకు ఒక చెక్క వేలాడుతోంది. మంచి చేవ కర్ర. దాని మీద తారుతో రాసిన పదిహేడు అంకె, నాన్న చేతిరాత. ఏడుకు తోక కాస్త పొడుగ్గా లాగుతాడాయన. చెక్క నడిమధ్య గుంట పడింది. తెడ్డక్క అరచెయ్యి ఆ గుంటలో సరిగ్గా పట్టింది. కింద గుండ్రటి రాయి, ఒక వైపు అరిగి నున్నగా ఉంది.

మూడు పర్యాయములు మ్రోగించవలెను. పడవ వచ్చును.

తన చెవులకు వినపడని చప్పుడును ఎదుటివాళ్లు వింటారన్న నమ్మకంతో ఆవిడ చలికాలమంతా కొట్టింది. అక్కడినుంచి చూస్తే ఎదురుగా అవతలి ఒడ్డు, ఆఫీసు, క్వార్టర్స్ వరస. ఎడమ నుంచి నాలుగో కిటికీ. ఆరేళ్ల పిల్ల వేలి కణుపులతో మూడు కొట్టి, నవ్వుకుంటూ దుప్పటి ముసుగేసుకున్న కిటికీ. తెడ్డక్క అక్కడే కూలబడి ఏడ్చింది. వడ్రంగి దయ్యం కథకు నవ్విన వాళ్లందరి మొహాలూ గుర్తొచ్చాయి. తన నాలుక తనకే చేదుగా అనిపించింది.

ఏడుపు ఆగాక ఇంకో ఆలోచన వచ్చింది, అది ఏడుపు కంటే ఘోరం. నీళ్లు పెంచిన వారానికే ఈ ఇల్లు పైకప్పు దాకా మునిగిపోయింది. చప్పుడు చలికాలమంతా వచ్చింది. నీళ్ల అడుగున ఉన్న తలుపు మీద చెక్క గాలికి ఎలా కొట్టుకుంటుంది? ఆరేళ్ల పిల్లకు తట్టకపోవచ్చు. సరస్సు ఆఫీసులో పనిచేసే మనిషికి తట్టదా?

తిరిగి వచ్చే గంటన్నరా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఇంకెన్నాళ్లు? ఉన్న నాలుగు రోజులూ ప్రశాంతంగా పోనిస్తే ఎవరికి నష్టం? ఆవిడకా? ఆవిడకు చేయగలిగిన నష్టం అంతా ఎప్పుడో చేసేశారు.

నాన్న కిటికీ దగ్గరే ఉన్నాడు, ఆమెకు వీపు పెట్టి. తెడ్డక్క నేల మీద రెండుసార్లు తొక్కింది. ఆయన తిరిగాడు. ఆమె నోటుపుస్తకం తీసుకుని రాసింది: ‘ఇల్లు ఖాళీ. ఆవిడ వెళ్లిపోయింది నాన్నా. నువ్వు తప్పేం చేయలేదు.’

ఆయన ఒకటికి రెండుసార్లు చదివాడు. “అడ్డచెక్క ఉందా?”

‘ఉంది. నువ్వు కొట్టినట్టే ఉంది. ఒక్క మేకు కూడా కదల్లేదు.’

నాన్న పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

“ఆఖరిల్లమ్మా అది. మేకులు అయిపోయాయి. చెక్క తలుపుకు ఆనించి వచ్చేశాను.”

తెడ్డక్కకు రాతి చూరు కింద వేలాడుతున్న చెక్క కళ్ల ముందు కదిలింది. నిజమే. దాని మీద ఒక్క మేకు రంధ్రం కూడా లేదు. తను అబద్ధమాడి ఆయన్ని కాపాడదామనుకుంటే, ఆ అబద్ధమే ఆయన చేతికి నిజాన్ని అందించింది.

“పైకెళ్లిందా?” అన్నాడు ఆయన.

ఆమె తలూపింది.

“చెక్క తీసుకెళ్లిందా?”

మళ్లీ తలూపింది. ఇక రాసే పని లేకపోయింది. ఆయనే చెప్పుకుపోయాడు, గొంతు ఎంత పైకి పోతోందో తెలియక ఒకోసారి అరుస్తూ, ఒకోసారి పెదాలు మాత్రం కదుపుతూ.

“నీళ్లు పెంచిన నాలుగో రోజున మొదలైంది. మొదటి దెబ్బకే తెలిసింది తల్లీ నాకు. అప్పటికే సంతకం పెట్టేశాను. పదిహేడూ ఖాళీ అని పెద్దవాళ్లు భుజం తట్టారు. రేపు పొద్దున్నే పడవ తీద్దామనుకున్నా. పొద్దున్నయ్యాక, నిన్ననే ఎందుకు రాలేదంటే ఏం చెప్పాలి అనుకున్నా. ఎల్లుండికి రెండు రోజుల జవాబు చెప్పాల్సి వచ్చింది. అలా ఒక్కో రోజూ... మీ అమ్మ అడిగితే గాలి అన్నాను. అందరికీ గాలి అన్నాను. అక్క దగ్గరికెళ్లిందన్నారే, ఆ అక్క ఎప్పుడో చచ్చిపోయిందని తర్వాత తెలిసింది. ఆవిడ కోసం అడగడానికి మనిషే లేరు. ఒక రోజు చప్పుడు రాలేదు. ఆ రోజు నేను హమ్మయ్య అనుకున్నానమ్మా. కడుపునిండా అన్నం తిన్నాను.”

తెడ్డక్కకు అసహ్యం వేసింది. తనకు ఈత నేర్పిన చేతులు, తెడ్డు పట్టడం నేర్పిన చేతులు ఒళ్లో ఉన్నాయి, వాటిని చూడలేకపోయింది. గోడ వైపు తిరిగి నిలబడింది. వెనక నుంచి ఆయన గొంతు మెల్లగా వచ్చింది.

“చెవులు పోతే అన్నీ పోతాయనుకున్నా. నీ మాట పోయింది. వాన చప్పుడు పోయింది. అదొక్కటి పోలేదు. ఇదివరకు మిగతా చప్పుళ్లలో కలిసిపోయి కాస్త ఊపిరాడేది. ఇప్పుడు అదొక్కటే ఉంది.” అంతలోనే తల చటుక్కున పక్కకు తిప్పాడు, ఎవరో పిలిచినట్టు. “వస్తున్నా,” అన్నాడు. “వస్తున్నా, వస్తున్నా.”

ముప్పై ఒక్క ఏళ్లుగా వస్తున్నానంటూ కుర్చీలోంచి లేవని మనిషి. తెడ్డక్క వెళ్లి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పుస్తకం తెరిచి రాసింది: ‘అయితే పద. రేపు పొద్దున.’

ఆయన చదివాడు. “నన్ను ముందు అక్కడ దింపు. తర్వాత ఆఫీసుకు కబురు పెట్టు. సంతకం నాదేనని చెప్పు,” అన్నాడు.

పొద్దున చిన్నమామయ్య ఒక్క జోకు కూడా వేయలేదు. ముందురోజు సాయంత్రమే తెడ్డక్క ఆయనకు అంతా చెప్పింది. ఇద్దరు కూర్చునే కయాక్ దించి, బావగారికి లైఫ్ జాకెట్ తొడిగి, బకిల్స్ ఒకటికి రెండుసార్లు లాగి చూసి, నడుం పట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. నాన్న ఒళ్లో నోటుపుస్తకం లేదు, ఇంట్లో వదిలేశాడు.

తెడ్డక్క వెనక కూర్చుని తెడ్డు వేసింది. ముందు ఆయన వీపు, తెల్లటి మెడ, పనికిరాని రెండు చెవులు. ఆ మెడను చూస్తుంటే కోపమూ ప్రేమా కలిసే వచ్చాయి, ఏది ఏదో విడదీయడం ఆమె వల్ల కాలేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆయన మాత్రం తల ఒక పక్కకు వంచి, వానలో నడిచే మనిషిలా భుజాలు ముడుచుకుని, కొద్దికొద్దిగా అదురుతున్నాడు. మూడుసార్లు అదిరేవాడు. కాసేపు ఆగేవాడు. మళ్లీ మూడుసార్లు.

మునిగిన దారి మీదికి వచ్చారు. దూరంగా మిట్ట మీద రాతి చూరు కనిపించింది. ఆయన భుజాలు ఒక్కసారిగా సడలాయి. తెడ్డక్క కంగారుపడి ముందుకు వంగి ఆయన భుజం పట్టుకుంది. నాన్న చెయ్యి పైకెత్తాడు, ఆగమన్నట్టు, వినమన్నట్టు. ఆ తర్వాత, ముప్పై ఏళ్లుగా ఆమె ఎరగని తేలికైన గొంతుతో అన్నాడు.

“ఆపేసిందమ్మా. పడవను చూసింది.”